పెన్‌గంగ మీద సగం రపటా

శ్రావణమాసం. ఆదిలాబాదులో నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడిలో ఇంకా గంట కొట్టలేదు. మా ఊరి దారిన తిరిగే బస్సు కండక్టరు, వానలో తడుస్తూ, వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. బస్సు వదిలిపెట్టి ఇంతదూరం ఎందుకు నడిచొచ్చాడా అనుకునేలోపే చెప్పేశాడు.

“టీచరమ్మా, మీ పెద్దబాపు పోయిండు. రాత్రి మంచిగనే తిని పండుకున్నడట. పొద్దుగాల లేపితే లేవలే. నిన్ను తోల్కరమ్మన్నరు. బస్సు ఆపి వచ్చిన, జెల్ది నడువు.”

మావైపు నాన్నను బాపు అని, నాన్నకు అన్నను పెద్దబాపు అని అంటాం. నన్ను పెంచింది ఆయనే, బడికి పంపిందీ ఆయనే. ఆయన పోయి ఇంకా నెల కాలేదు. ఇది చదివేవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు దాదాపు ఉండరు. ఎరగడానికి ఆయన చేసిన పని ఏదీ నిలబడలేదు మరి. నిలబడిన సగం పని నిలబడకుండా ఉంటేనే బాగుండేదని ఆయనే అనేవాడు. అయినా రాస్తున్నాను. పనులు నెగ్గినవాళ్ల గురించి చెప్పడానికి చాలామంది ఉంటారు. ఓడిపోయినవాడి గురించి ఇంటివాళ్లు కూడా చెప్పకపోతే ఇక ఎవరు చెబుతారు?

మా ఊరు పెన్‌గంగకు ఇవతలి ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డున ఇంకో ఊరు. ఎండాకాలంలో ఇక్కడ పిలిస్తే అక్కడ పలుకుతారు. వానకాలంలో అది మాకు కాశీ అంత దూరం. మేం మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడతాం, వాళ్లు తెలుగు కలిసిన మరాఠీ మాట్లాడతారు. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే జొన్నరొట్టె. కానీ నేను పుట్టేనాటికి ఆ ఏరు రెండు రాజ్యాల నడుమ గీత. ఇవతల నిజాం, అవతల ఇంగ్లీషువాళ్లు. మా ఒడ్డున సుంకం వసూలు చేసే నాకా ఒకటి ఉండేది. బెల్లం ముద్ద దాటినా, పత్తి మూట దాటినా వాళ్ల చెయ్యి తడపందే కదలనిచ్చేవారు కాదు.

పోలీస్ యాక్షన్‌కు ముందు ఒక వానకాలం మా ఊరికి గత్తర, అదే కలరా, వచ్చింది. మాకు దగ్గరి దవాఖాన అవతలి ఒడ్డునే ఉంది. ఆదిలాబాదు దవాఖానకు పోవాలంటే బురదలో బండి ఇరుసు దాకా దిగబడేది. ఏరు తగ్గి మందు ఇవతలికి వచ్చేసరికి ఊళ్లో చాలా ఇళ్లకు దాని అవసరం తీరిపోయింది. మా అవ్వ, నన్ను కన్నతల్లి, పోయింది ఆ గత్తరలోనే. దాని గురించి పెద్దబాపు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, నేనడిగితే, “అవతల మందు ఉన్నది, ఇవతల మనిషి ఉన్నది, నడుమ నీళ్లు. దేవుడు చేసింది గాదు బిడ్డా గది, మనం చెయ్యంది” అన్నాడు.

నిజాం పాలన పోయింది. నాకా ఖాళీ అయింది, అందులో మేకలు పడుకోవడం మొదలుపెట్టాయి. ఊళ్లో అందరూ సుంకం పీడ పోయిందని సంబరపడ్డారు. పెద్దబాపు మాత్రం పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, ఇంకో పొడి పంచె తలమీద పెట్టుకుని, ఏరు దాటి అవతలి ఊరికి పోవడం మొదలుపెట్టాడు. ఆయన మనసులో ఉన్నది రపటా. ఏట్లో ఒడ్డునుంచి ఒడ్డుకు బండరాళ్లు బిగించి పేర్చే పొట్టి కట్టను రపటా అంటాం. పెద్ద వరదకు అది మునుగుతుంది, వరద తీయగానే దానిమీద బండ్లు నడుస్తాయి. వంతెన కట్టే తాహతు రెండూళ్లకూ లేదు. రపటాకైతే రాళ్లు, ఎద్దులు, మనుషులు చాలు. రాతిగట్టు మా వైపు ఉంది, ఆదిలాబాదు రైలుకు పోయే దారీ మా వైపే. దవాఖాన, పత్తి కొనే సేట్లు వాళ్ల వైపు. ఒకరికి ఒకరు అవసరమే. ఆ మాట నోరు తెరిచి అనేవాడే లేడు.

ఆయన కూడా వెంటనే అనలేదు. ఒక ఏడాదంతా ఆ ఊళ్లో పెళ్లికీ పోయాడు, చావుకీ పోయాడు, అరుగుల మీద కూర్చుని వచ్చాడు. రపటా ఊసెత్తలేదు. వాళ్లు పెట్టింది తిన్నాడు. వాళ్ల కారం ఆయనకు అస్సలు పడేది కాదు. అక్కడ నవ్వుతూ తిని, ఇంటికొచ్చి చెంబుల కొద్దీ మజ్జిగ తాగి, పొట్ట పట్టుకుని మంచం మీద దొర్లేవాడు. ఆయన భార్య, మా పెద్దవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

“తినకుంటేంది? ఎవలన్న కొడ్తరా?” అని నేను కోప్పడితే, “పొత్తు కుదరాల్నంటే ముందుగాల వాళ్లింట్ల ముద్ద దిగాలె బిడ్డా. పని పడ్డనాడే పోయి అడుగుతే పని అయితదేమో, పొత్తు గాదు” అన్నాడు.

అవతలి ఊరి పెద్దను పాటిల్ అంటారు. ఆయన మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఎవరు పోయినా ముందు “బసా” అనేవాడు, కూర్చోమని. ఆ తర్వాత మాట్లాడాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. పెద్దబాపు ఆయన్ని దాదా, అంటే అన్నా, అనేవాడు, ఆయనా పెద్దబాపును దాదా అనేవాడు. ఇద్దరిలో పెద్దెవరో చివరిదాకా తేలలేదు.

రపటా మాట బయటికి వచ్చాక అసలు తంటా మొదలైంది. మావాళ్లు వాళ్ల చావడికి పోరు, వాళ్లు మా చావడికి రారు. ఎవరు ఎవరి గడప తొక్కితే ఎవరు తగ్గినట్టు? పెద్దబాపు దానికో మందు కనిపెట్టాడు. రెండూళ్ల పెద్దల్నీ ఏటి నడుమ, మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టి మాట్లాడించాడు. కూర్చోవడానికి లేదు, చుట్ట తీరిగ్గా కాల్చుకోవడానికి లేదు. చావడిలో తెల్లవార్లూ తెగని పంచాయితీ నీళ్లలో పొద్దెక్కేలోపే తెగేది. “కాళ్లు నాన్తుంటే నోరు తగ్గుతది” అని నవ్వేవాడు. తర్వాత తర్వాత రెండూళ్ల మధ్య ఏ తగాదా వచ్చినా “పదా, ఏట్ల దిగుదాం” అనడం వాడుకైపోయింది.

అందరూ ఒప్పుకున్నాక మా పట్వారీ కాగితం రాసి వేలిముద్రలు వేయిద్దామన్నాడు. పెద్దబాపు వద్దన్నాడు.

“సంతకం చేసినోడు రేపు కాదంటడు. కాడి కింద ఉన్న ఎద్దు కాదంటదా? ప్రతి బండికి ఒక ఎద్దు మనది, ఒక ఎద్దు వాళ్లది. మనం అలిగితే వాళ్ల బండి నడ్వది, వాళ్లు అలిగితే మన బండి నడ్వది. గంతే పొత్తు.”

ఒంటి ఎద్దున్న ఇద్దరు రైతులు కలిసి జోడీ కట్టుకుని సేద్యం చేయడం మాకు కొత్త కాదు. రెండూళ్లు అలా కట్టుకోవడం మాత్రం ఎవరూ విని ఉండరు. అందరికీ నచ్చింది. రాళ్లు తోలే మొదటిరోజు రెండూళ్లూ ఏటి ఒడ్డున చేరాయి. మేం ఆడవాళ్లం ఇసుక మొయ్యడానికి తట్టలు పట్టుకుని పోయాం. అవతలినుంచి ఎద్దులు ఏరు దాటి వచ్చాయి. బండ్లకు కట్టబోతే ఒక్క జోడీ కూడా కుదరలేదు. కాడి ఎత్తితే ఎద్దు రెండో పక్కకు తిరుగుతుంది, ఆపితే కొమ్ములు విసురుతుంది. ఒకటి పడుకుంది, ఒకటి తాడు తెంపుకుని ఏట్లోకి పోయింది. అరుపులు, బూతులు, రెండు భాషల్లో.

సంగతేమిటంటే, ఎద్దును చిన్ననాడే ఒక పక్కకు మాలిమి చేస్తారు. కుడిపక్క నడిచేది వలపటెద్దు, ఎడమపక్కది దాపటెద్దు. బలమైనదాన్ని మావైపు వలపట కడతారు, వాళ్లవైపూ అంతే. అటువాళ్లకు మంచిది ఇచ్చేస్తే పాడైపోతుందని మా ఊళ్లో ప్రతివాడూ తన వలపటెద్దును కొట్టంలో దాచి, దాపటెద్దును తోలుకొచ్చాడు. సరిగ్గా అదే తెలివి అవతలి ఊళ్లో ప్రతివాడికీ వచ్చింది. ఆ ఒడ్డున ఉన్నవన్నీ దాపటెద్దులే.

పాటిల్‌కే ముందు అర్థమైంది. నవ్వని మనిషి, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. “అరే దాదా, మనమంత ఒక్క తల్లి బిడ్డలమే రా! మంచిదాన్ని ఇద్దరం ఇంట్లనే దాచుకున్నం!”

అందరూ నవ్వారు, సిగ్గుపడినవాళ్లు కూడా. పెద్దబాపు నవ్వలేదు. నేరుగా ఇంటికి పోయి మచ్చల ఎద్దును తోలుకొచ్చాడు. అది ఆయన వలపటెద్దు, ఊళ్లో దానికి సాటి లేదు. దాని పగ్గం పాటిల్ చేతికిచ్చాడు. మర్నాడు కొందరు మావాళ్లు, కొందరు వాళ్లవాళ్లు తమ వలపటెద్దుల్ని తెచ్చారు. జోడీలు కుదిరాయి. నా జీవితంలో ఊరికి ఊరు అంత సంతోషంగా ఉండటం చూసింది ఆ ఎండాకాలమే. అటువంటిది మళ్లీ చూస్తానన్న ఆశ నాకు లేదు.

ఏటా ఎండల్లో పని సాగేది. రాళ్లు బిగించడానికి కరీంనగర్ వైపునుంచి వడ్డెరవాళ్లు వచ్చారు. మా తెలుగు విని నవ్వేవాళ్లు, వాళ్లను చూసి మేం నవ్వేవాళ్లం. ఒకరోజు ఇటునుంచి, ఒకరోజు అటునుంచి పేర్చుకుంటూ పోయారు. వానలకు కొంత కొట్టుకుపోయేది, మళ్లీ పేర్చేవాళ్లు. నడుమ నడుము లోతు ధార ఒక్కటి మిగిలింది. ఇంకో ఎండాకాలం చాలు, మహా అయితే రెండు. ఆ మాట పెద్దబాపు రోజూ అనేవాడు. భోజనానికి కూర్చుని రొట్టెను విరిచి, రెండు ముక్కలూ పళ్లెంలో ఎదురెదురుగా పెట్టి, నడుమ సందు చూపించి, “గింతే ఉన్నది” అనేవాడు. పెద్దవ్వ విసుక్కుంటూ ఆ సందులో కూర వడ్డించేది.

అప్పుడు రాష్ట్రాలు మార్చారు. మేం ఆంధ్రప్రదేశ్ అయ్యాం, వాళ్లు బొంబాయి రాష్ట్రం, తర్వాత మహారాష్ట్ర. భాష ఒకటైనవాళ్లను ఒకచోట చేర్చారని అందరూ పండుగ చేసుకున్నారు. రెండు భాషలూ ఒకే నోటితో మాట్లాడే మాబోటివాళ్లు ఏ లెక్కలోకి వస్తారో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఒక ఓవర్సియరు వచ్చి ఏట్లో గొలుసులు వేసి కొలిచాడు. ధార నడుమ సరిహద్దు అన్నాడు. సర్కారు ఏట్లో రాళ్లు వేయడానికి ఎవరికీ హక్కు లేదన్నాడు. రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నాకే పని అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మా ఇంట్లోనే అన్నం తిన్నాడు.

ఎవరి ఎద్దులు వాళ్లు విప్పుకున్నారు. ఇంటికొచ్చిన మచ్చల ఎద్దు దాని పాత జోడీని కూడా చాలా రోజులు పక్కకు రానివ్వలేదు. పెద్దబాపు దాన్ని నిమురుతూ, “పరేషాన్ గాకు రా, మళ్ల పోదాం” అనేవాడు.

ఆ తర్వాతి కొన్నేళ్లు ఆయనా పాటిల్ కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఈలోగా మళ్లీ పేర్చేవాళ్లు లేక ఏట్లోని రాళ్లన్నీ వరదలకు కొట్టుకుపోయాయి. ఇటు ఆదిలాబాదు, హైదరాబాదు. అటు యవత్మాల్, నాగపూర్. ఒకే మూటలో రొట్టెలు కట్టుకుని పోయేవాళ్లు, ఏ బల్లమీదో కూర్చుని పంచుకునేవాళ్లు. ఇక్కడ పెద్దసారు “వాళ్లు ముందు ఒప్పుకోనీ” అంటాడు. అక్కడ పెద్దసారు “మేం ఎప్పుడో సరే అన్నాం, వాళ్లే కదలాలి” అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే అదేంటని ఒక చెవిటివాడు ఇంకో చెవిటివాణ్ని అడిగినట్టు ఉండేది. నేను టీచర్ ట్రైనింగ్‌కు కరీంనగర్‌లో ఉన్నప్పుడు పెద్దబాపు హైదరాబాదునుంచి వస్తూ నన్ను చూడడానికి దిగాడు. కాళ్లు వాచిపోయి ఉన్నాయి.

“ఏమైంది పెద్దబాపూ?”

“ఏమైతది. ఇద్దరూ పెండ్లికి ఒప్పుకున్నరు బిడ్డా. లగ్గం ఎప్పుడంటే నువ్వు ముందు చెప్పంటే నువ్వు ముందు చెప్పంటున్నరు.”

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వయసులో ఆ కాళ్లతో ఎవరి కోసం ఈ తిరుగుడు అని ఏడుపొచ్చింది.

చివరికి ఒక ఏడు కబురొచ్చింది. రపటా మంజూరైంది, సిమెంటుతో, పక్కాగా. కాకపోతే మన సగమే. ధార నడుమ దాకా మన సర్కారు కడుతుంది, మిగతాది వాళ్లిష్టం. మా ఊళ్లో డప్పులు కొట్టారు. మావాళ్లు కొందరు పెద్దబాపు మెడలో దండ వేయబోయారు. ఆయన ముఖం మాడిపోయింది. దండ చేత్తో తోసేసి, ఉన్నపళాన ఇంజనీరు దగ్గరికి పోయాడు. నేను తోడుపోయాను.

“సారూ, సగం కట్టకుండ్రి. సగం కడితే ధారంత అవతలికి తిరుగుతది. వాళ్ల ఒడ్డు కోసుకపోతది, భూములు ఏట్ల పడ్తయి.”

“నాకు తెలుసు పెద్దాయనా. వాళ్ల సగం వాళ్లు కడితే ఏమీ కాదు. కట్టమనండి” అన్నాడు ఇంజనీరు. ఆయనకు నిజంగానే తెలుసు. ఈ ఏడు పని మొదలుపెట్టకపోతే మంజూరు వెనక్కి పోతుందనీ తెలుసు. అంతకన్నా తన చేతిలో ఏమీ లేదన్నాడు.

“వాళ్లకు మంజూరు అయ్యేదాక ఆగుండ్రి. నేను బతిలాడి చేయిస్త.”

“మీ ఊరివాళ్లే వద్దంటే ఆపుతాను. అందరి చేతా చెప్పించండి.”

తన జీవితమంతా దేనికోసం తిరిగాడో దాన్ని ఆపమని ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. అంతకన్నా పాడు రోజులు ఆయనకు ఉండి ఉండవు. ఒక్కరూ ఒప్పుకోలేదు. “పొత్తు పొత్తని ఇన్నేండ్లు తిరిగినవ్. ఇయ్యాల ఇంటిముందుకు వచ్చినదాన్ని కాలదన్నమంటవా?” అన్నారు. “నువ్వు మా మనిషివా, అవతలోళ్ల మనిషివా?” అన్నాడొకడు. మా బాపు కూడా, “అన్నా, మన సగం మనకు రానీ, తర్వాత చూద్దాం” అన్నాడు. నీళ్లలో దిగి మాట్లాడదాం రండి అంటే ఒక్కడూ దిగలేదు. కూర్చోవడానికి ఇప్పుడు పంచాయతీ ఆఫీసు ఉంది మరి.

కాంట్రాక్టరు వచ్చాడు, కట్టాడు, పోయాడు. గట్టిగానే కట్టాడు. ఆ గట్టితనమే చేటైంది. మరుసటి వానకాలం ఏరు మా వైపునుంచి తప్పుకుని అవతలి ఒడ్డును కొట్టడం మొదలుపెట్టింది. నల్లరేగడి పెళ్లలు పెళ్లలుగా విరిగి నీళ్లలో పడే చప్పుడు మా ఊళ్లోకి వినిపించేది. దాటడానికి దారి లేదు. ఏటి ఒడ్డున నిలబడి పెద్దబాపు అదంతా చూశాడు. వరద తీసేసరికి ఆ ఊరి మంచి చేలన్నీ పోయాయి, ముందుగా పోయింది పాటిల్ భూమే.

నీళ్లు తగ్గగానే పెద్దబాపు ఏరు దాటాడు. నేను సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను, వద్దన్నా వెంట పోయాను. దారిలో ఎదురైనవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. పాటిల్ అరుగు మీద ఉన్నాడు, చుట్టూ వాళ్ల ఊరివాళ్లు. చెంబుతో నీళ్లు తెప్పించాడు. “పాణీ ప్యా” అన్నాడు, తాగమని. “బసా” అనలేదు.

పెద్దబాపు నిలబడే నీళ్లు తాగాడు. “దాదా, నేను వద్దన్న. నా మాట ఎవ్వడు ఇనలే” అన్నాడు.

“నాకు ఎర్కనే. నీ మీద కోపం లేదు దాదా” అన్నాడు పాటిల్, నేలవైపు చూస్తూ. “గని వీళ్ల భూములు పోయినయ్. వీళ్ల ముంగట నిన్ను కూసోబెట్టలేను. ఇగ రాకు.”

తిరిగి వస్తూ పెద్దబాపు ఏటి నడుమ ఆగాడు. నీళ్లు మోకాలి లోతే. నేను చెయ్యి పట్టుకుని లాగితే వచ్చాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఏరు దాటలేదు.

అవతలి సగం కట్టరాదా అని వాళ్ల సర్కారును అడిగితే, మమ్మల్ని అడగకుండా వాళ్లెట్లా కట్టారని ఎదురడిగారట. ఇప్పుడు మా సగం రపటా మీద మిరపకాయలు ఎండబెడుతున్నారు. సాయంత్రాలు పోరగాళ్లు దాని కొసన కూర్చుని బీడీలు కాలుస్తారు. ఊళ్లో పెద్దబాపును రెంటికీ చెడ్డ రేవడి అనేవాళ్లు, ఆయన వినేటట్టే. ఎవరిని తప్పుపట్టాలి? తిలాపాపం తలా పిడికెడు. అందరూ తమ సగం పని సక్రమంగానే చేశారు.

సెలవులకు పోయినప్పుడల్లా ఆయనతో వాదించేదాన్ని. నువ్వు చేసింది మంచే అనేదాన్ని. ఆయన అరుగు మీద కాళ్లు చాపుకుని, వాచిన మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ వినేవాడు.

“నేను గమ్మున ఉంటే వాళ్ల భూమన్న వాళ్లకుండేది గద బిడ్డా.”

“నువ్వు సగం కట్టమన్నవా?”

“అనలే. గని రపటా అన్న మాట వాళ్ల చెవుల ఏసింది నేనే గద. మంచి పని సగం జేస్తే సగం మంచి గాదు, మొత్తం చెడుడే.”

ఇంతా రాసి చివర ఒక నీతి చెబుదామంటే నాకు ఏదీ తోచడం లేదు. ఆయన నాకు చాలా ఇచ్చాడు. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా అంటే, నన్ను భుజాన ఎక్కించుకుని వాగులు దాటించి బడిలో దింపాడు. ఎదుటివాడి ఇంట్లో తిన్నాకే మాట్లాడమన్నాడు. అవన్నీ నాకు ఉన్నాయి. ఆయన ఓపిక మాత్రం రాలేదు. నాకు ఇప్పటికీ అందరిమీదా కోపమే.

ఆ రోజు బస్సు దిగి, బురదలో నడిచి ఊరు చేరేసరికి శవాన్ని ఎత్తడానికి సిద్ధంగా ఉన్నారు. నాకోసమే ఆపారు. పెద్దవ్వ ఆయన కాళ్లు పట్టుకుని కూర్చుంది. “ఎవల కోసం తిరిగినవయ్యా గన్నేండ్లు, ఎవ్వలొచ్చిన్రయ్యా ఇయ్యాల” అని ఒకటే మాట. వచ్చినవాళ్లు నిజంగానే కొద్దిమంది. పాలివాళ్లు, ఇరుగుపొరుగు, అంతే. డప్పులు ముందు నడిచాయి. ఏరు ఒడ్డు తాకి పారుతోంది, రపటా ఎక్కడుందో కూడా తెలియడం లేదు. ఒడ్డున మెరక మీద చితి పేర్చారు. కట్టెలు తడిసి ఉన్నాయి. ఆయనకు కొడుకులు లేరు, మా బాపే నిప్పు పెట్టాడు. అది అంటుకోవడానికి చాలాసేపు పట్టింది.

చావు డప్పు మోత వేరే. అది వినగానే ఎవరైనా గుర్తుపడతారు. నీళ్ల మీద మనిషి దాటలేడు గానీ డప్పు దాటుతుంది. అవతలి ఒడ్డున ఒకరూ ఇద్దరూ కనిపించారు, తర్వాత ఇంకొందరు. మధ్యలో ఒక ముసలాయన, పక్కన ఎవరో చెయ్యి పట్టుకుని ఉన్నారు. నడిచే తీరు చూసి పాటిల్ అని పోల్చుకున్నాను. ఎవరి డప్పో ఆయనకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఇన్నాళ్లుగా ఆయన కూడా ఈ ఒడ్డును చూస్తూ ఉన్నాడేమో. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. పిలిచినా వినపడే దూరం కాదు. మంట సగానికి వచ్చేదాకా వాళ్లలా నిలబడే ఉన్నారు.

మావాళ్లు స్నానాలకు దిగారు. మేం ఆడవాళ్లం కూడా కాస్త పైన, కట్టుబట్టలతో తలమునిగాం. నేను లేచి కళ్లమీది నీళ్లు తుడుచుకుని చూసేసరికి అవతల పాటిల్ నీళ్లలోకి దిగుతున్నాడు. పక్కనున్నవాళ్లు ఆపబోయారు, ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. చావు కబురు విన్నచోటే బట్టలతో తలస్నానం చేయవలసింది రక్తసంబంధీకులు మాత్రమే. మిగతావాళ్లకు అక్కర్లేదు. అది వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. ఆయన తలకు చుట్టిన రుమాలు విప్పి ఒడ్డున పెట్టి, ఆ ఎర్రటి నీళ్లలో మునిగాడు. లేచాడు. మళ్లీ మునిగాడు. మా బాపు నడుము లోతు నీళ్లలో అలాగే నిలబడిపోయి అటే చూస్తున్నాడు.

వాన మళ్లీ మొదలైంది. మావాళ్లు ఒక్కొక్కరే ఒడ్డెక్కి ఊరిదారి పట్టారు. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా పాటిల్ తల తుడుచుకోకుండా అక్కడే ఉన్నాడు, తెల్లటి జుట్టు నెత్తికి అతుక్కుపోయి. మేం చేను మలుపు తిరిగి ఏరు కనపడకుండా పోయేదాకా ఆయన ఆ రుమాలు మళ్లీ చుట్టుకోలేదు.